ఓడ కాగితాల్లో మన అవ్వలు

(అల్లూరులో జరిగిన మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సు పెట్టినవాళ్ళు నన్ను 'స్త్రీలు - పౌరసత్వం' అనే అంశం మీద మాట్లాడమన్నారు. రాజ్యాంగం, చట్టం, సెక్షన్లు అని మొదలుపెడితే అది కోర్టు వాదనలాగా ఉంటుంది. అందుకని నేను ఒక పని గురించి చెబుతాను. వెనకటి తరాల్లో సముద్రం దాటి వెళ్ళిన మనుషుల జాడ కాగితాల్లో ఎలా వెతుకుతారు, ఆ కాగితాల్లో ఆడవాళ్ళు ఎక్కడ కనిపిస్తారు, ఎక్కడ మాయమవుతారు అన్నది ఆ పని. అది చెబుతూ పోతే పౌరసత్వం సంగతి దానంతటదే వస్తుంది.

నేను పాతికేళ్ళకు పైగా నెల్లూరులో వకీలుగా ఉన్నాను. మనోవర్తి కేసులు, ఆస్తి దావాలు, భూమి తగాదాలు నాకు వచ్చే పనులు. వీటి మధ్య గత పదిహేనేళ్ళుగా ఇంకోరకం ఉత్తరాలు కూడా వస్తున్నాయి. దక్షిణాఫ్రికా నుంచి, మారిషస్ నుంచి, ఫిజీ నుంచి రాస్తారు. 'మా ముత్తవ్వది నెల్లూరు జిల్లా అని కాగితంలో ఉంది, ఆ ఊరు ఎక్కడుందో కనుక్కుని చెప్పగలరా' అని అడుగుతారు. ఇట్లా అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ముందు ఈ మనుషులు ఎట్లా వెళ్ళారో చూద్దాం. 1860 అక్టోబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు రేవు నుంచి బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. చెరుకు తోటల్లో పనికి ఒప్పందం మీద నటాల్ వెళ్ళిన మొదటి ఓడ అది. అప్పటి నుంచి 1911 దాకా నటాల్‌కు 1,52,184 మంది వెళ్ళారని లెక్క. అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్ళే. మారిషస్‌కు 1834 నుంచే వెళ్ళటం మొదలైంది. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా సుమారు 61 వేలమంది వెళ్ళారు, మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు నడిచింది 1903 తర్వాత. ఈ ఒప్పందాన్ని ఆంగ్లంలో 'అగ్రిమెంట్' అంటే, కూలీల నోట్లో అది 'గిరిమిట్' అయింది. అయిదేళ్ళ గిరిమిట్.

మన తీరం వాళ్ళకు మద్రాసు దూరం కాదు. బకింగ్‌హాం కాలవలో పడవెక్కితే మద్రాసు చేరొచ్చు. 1876-78 నాటి ధాత కరువులో ఈ జిల్లా కూడా మాడిపోయింది. పని లేదు, గింజ లేదు. మేస్త్రీ వచ్చి పని ఉంది, తిండి ఉంది, బట్ట ఉంది అంటే నమ్మి నడిచినవాళ్ళు ఉన్నారు. మోసపోయినవాళ్ళూ ఉన్నారు. అప్పుల నుంచి, కులం పెట్టే బాధల నుంచి, మొగుడి దెబ్బల నుంచి తప్పించుకోవటానికి తెలిసే వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏ కారణంతో వెళ్ళారో ఓడ కాగితం చెప్పదు. మరి అది ఏం చెబుతుంది?

నటాల్ వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఓడల వారీగా పెద్ద పుస్తకాలు రాశారు. అందులో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు ఉంటాయి. ఆ మనిషి అక్కడ పెళ్ళి చేసుకున్నా, బిడ్డను కన్నా, చనిపోయినా కాగితాల్లో ఆ నంబరు వెంట వస్తుంది. ఫిజీ వెళ్ళినవాళ్ళకైతే ఒక్కొక్కరికీ విడిగా పాసు రాశారు. అందులో దగ్గరి బంధువు పేరుకు కూడా గడి ఉంది. ఆ పాసులు సువా నగరంలోని జాతీయ పురావస్తు భాండాగారంలో ఉన్నాయి. మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ 1860ల తర్వాత వచ్చినవాళ్ళ ఫోటోలు కూడా ఉన్నాయి. నటాల్ ఓడ జాబితాల వివరాలను డర్బన్‌లో క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో ఉన్న గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో చూడొచ్చు.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. అదే కాలంలో మన జిల్లాలో రాసిన రెవెన్యూ లెక్కలు తీయండి. ఇనాం ఫేర్ రిజిస్టరు, సెటిల్‌మెంటు రిజిస్టరు, డైగ్లాట్, ఏదైనా సరే. వేల పేర్లు ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లు ఎన్ని? ఎక్కడో ఒక వితంతువు, ఎక్కడో ఒక దేవదాసి మాన్యం. భూమి మగవాడి పేరన ఉంది కాబట్టి పుస్తకంలో మగవాడి పేరే ఉంది. పొలంలో నాట్లేసిన ఆడకూలీ పేరు కరణం రాయాల్సిన అవసరమే లేదు.

అదే ఆడకూలీ ఓడెక్కినప్పుడు మాత్రం ఆమె పేరు రాశారు. ఆమెకు సొంత నంబరు ఇచ్చారు. భర్తతో వెళ్ళినా ఆయన నంబరు ఆయనది, ఈమె నంబరు ఈమెది. ఆమె తండ్రి ఎవరు, ఆమె ఊరు ఏది అని అడిగి రాశారు. మన జిల్లాలో వందా నూటయాభై ఏళ్ళ కిందట ఒక మాల స్త్రీ పేరు, ఒక యానాది స్త్రీ పేరు, ఒక పేద కాపు స్త్రీ పేరు ఆమె సొంత పేరుగా కాగితం మీద పడిన చోట్లు చాలా తక్కువ. అందులో ఓడ పుస్తకం ఒకటి.

తెల్లదొరలకు ఆడవాళ్ళ మీద గౌరవం ఉండి అట్లా రాశారని అనుకోవద్దు. ఆమె పనిచేసే శరీరం కాబట్టి లెక్క కావాలి. ఫిజీకి పంపే ప్రతి వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన ఉండేది. ఆ నలభై లెక్క పూర్తి కావటానికి ఆడవాళ్ళ పేర్లు కావాలి. నటాల్‌లో మగకూలీకి మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఏడాదికో షిల్లింగు పెరుగుదల. ఆడకూలీకి అందులో సగం. బియ్యంలో కూడా సగం. సగం కూలి ఇచ్చినా పేరు మాత్రం పూర్తిగా రాశారు. ఒళ్ళంతా పరిశీలించి మచ్చలు కూడా రాశారు. అది అవమానమే. ఆ అవమానపు కాగితమే ఈనాడు ఆమె మునిమనవరాలికి దొరికిన ఒకే ఒక్క ఆధారం.

కొన్నేళ్ళ కిందట డర్బన్ దగ్గరి ఒక పట్నంలో బడిపంతులమ్మగా చేసి రిటైరైన ఒకామె నా దగ్గరకు వచ్చింది. తెలుగు రాదు. నాలుగు మాటలు వచ్చు: అవ్వ, పప్పు, అమ్మోరు, దణ్ణం. చేతిలో ఓడ జాబితా నకలు ఉంది. ఆమె ముత్తవ్వ వయసు ఇరవై రెండు, పక్కనే రెండేళ్ళ ఆడబిడ్డ. భర్త లేడు. జిల్లా నెల్లూరు, తాలూకా కావలి, కింద ఒక ఊరి పేరు.

ఇట్లాంటి కాగితం చేతికొచ్చాక చేయాల్సిన పనులు ఏమిటో ఆమె విషయంలో చేసినట్లే చెబుతాను. మీలో ఎవరికైనా పనికి రావొచ్చు.

మొదటిది, జిల్లా పేరును చూసి మోసపోకూడదు. ఆనాటి నెల్లూరు జిల్లా వేరు, ఈనాటిది వేరు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది, గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు 1970లో ఒంగోలు జిల్లాలోకి పోయాయి, అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. కాబట్టి కాగితంలో 'నెల్లూరు' అని ఉంటే ఒంగోలు నుంచి పులికాట్ దాకా, పడమర కొండల దాకా వెతకాలి. తాలూకా పేరు ఉంటే అదృష్టం.

రెండోది, పేరును కళ్ళతో కాక చెవితో చదవాలి. మన మనిషి చెప్పింది మద్రాసు గుమాస్తా విన్నాడు, అతను ఆంగ్లంలో రాశాడు, దాన్ని నటాల్ గుమాస్తా ఎత్తి రాశాడు. మూడు చేతులు మారేసరికి లక్ష్మమ్మ లచ్చిమీ అయింది, చెంగమ్మ చింగామా అయింది. పైకి చదివితే మన చెవికి అసలు పేరు వినపడుతుంది. ఇందులో మన ప్రాంతం ఆడవాళ్ళకు ఒక నేర్పు ఉంది. పెంచలమ్మ అని వినపడితే పెంచలకోన గుర్తొస్తుంది. వెంగమ్మ అంటే నర్రవాడ, కామాక్షమ్మ అంటే జొన్నవాడ, చెంగాళమ్మ అంటే సూళ్ళూరుపేట, మస్తానమ్మ అంటే దర్గా మొక్కు. తండ్రి పేరు మాలకొండయ్య అని ఉంటే కందుకూరు వైపు మాలకొండ గుర్తొస్తుంది. మారిషస్ తెలుగు ఇళ్ళలో సింహాద్రి అప్పన్న పూజ ఉంది, అది విశాఖ వైపు దారి చూపిస్తుంది. పేరొక్కటే రుజువు కాదు, ఎటు వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే.

మూడోది, ఆడవాళ్ళను అడగాలి. ఇంటి పురుషులు ఇంటిపేరు చెబుతారు, ఓడ కాగితంలో ఇంటిపేరే ఉండదు. ఏ అమ్మవారికి మొక్కేవాళ్ళు, పెద్దలకు ఏం వండి పెట్టేవాళ్ళు, బిడ్డకు పేరెట్లా పెట్టేవాళ్ళు అన్నవి ఇంటి ఆడవాళ్ళకు తెలుస్తాయి. డర్బన్ నుంచి వచ్చినామెకు ముత్తవ్వ గురించి తెలిసిందంతా వాళ్ళమ్మ, వాళ్ళవ్వ చెప్పిందే.

నాలుగోది, చర్చి పుస్తకాలు. మన వాళ్ళలో బాప్టిస్టులు చాలామంది ఉన్నారు. నటాల్‌లో కియర్స్‌నీ టీ తోటల్లో పనిచేసే తెలుగు బాప్టిస్టులకు పాదిరి కావాలంటే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో వెళ్ళారు. తెలుగు బాప్టిస్టులు తమ సొంత సంఘం తరపున పరదేశానికి పంపిన మనిషి ఆయన. అదే ఏడాది చివర కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఇట్లాంటి సంఘాలు ఉన్నచోట బాప్తిస్మం పుస్తకాలు, పెళ్ళి పుస్తకాలు ఉంటాయి. వాటిలో తల్లి పేరు దొరికే అవకాశం ఎక్కువ.

ఈ దారిన వెళ్ళి మేం ఊరు పట్టుకున్నాం. ఆ పేరుతో రెండు ఊళ్ళున్నాయి, తాలూకా పేరు ఉండబట్టి ఒకటి మిగిలింది. డర్బన్ టీచరమ్మను తీసుకుని వెళ్ళాం. ఊరివాళ్ళు బాగా చూసుకున్నారు. మంచం వేశారు, మజ్జిగ ఇచ్చారు. ముత్తవ్వ తండ్రి పేరు చెబితే ఒక ఇంటివాళ్ళు మా పూర్వీకుల్లో ఆ పేరు ఉందన్నారు. భూమి దావాలో వేసిన వంశవృక్షం తెచ్చి చూపించారు. ఆరు తరాల చెట్టు అది. అందులో ఆ పేరు ఉంది. ఆయనకు ముగ్గురు కొడుకులున్నట్లు రాసి ఉంది. కూతుళ్ళు లేరు. ఆయనకే కాదు, ఆరు తరాల్లో ఎవరికీ కూతుళ్ళు లేరు! 'మా ఇంట్లో నుంచి ఆడమనిషి ఒక్కతే ఓడెక్కి పోయిందా? అట్టాంటిది జరగలా' అన్నాడు ఇంటి పెద్ద.

నిజంగా ఆ ఇల్లేనా? చెప్పలేం. అదే పేరుతో ఇంకొకరు ఉండి ఉండవచ్చు. కాగితం మమ్మల్ని సముద్రం అవతలి నుంచి ఆ ఊరి దాకా తీసుకొచ్చింది. ఊరి నుంచి ఇంటి దాకా తీసుకెళ్ళాల్సింది వంశవృక్షం. అందులో ఆడపిల్లను రాయలేదు కాబట్టి మా ప్రయాణం నడివీధిలో ఆగిపోయింది. టీచరమ్మ ఊరి చెరువుకట్ట మీద మట్టి కొంచెం మూటకట్టుకుని వెళ్ళింది.

'ఒక్కతే ఓడెక్కి పోయిందా' అన్న మాట వెనక ఇంకో మాట ఉంది. ఆనాటి దొరల రిపోర్టుల్లో ఒంటరిగా వెళ్ళిన స్త్రీలను చెడిపోయినవాళ్ళని తేలిగ్గా రాసేశారు. మన జాతీయవాదులు కొందరు కూడా జాతి పరువు పోయిందని బాధపడ్డారే కాని, ఆ స్త్రీలు ఎందుకు వెళ్ళారని అడగలేదు. భర్త పోయిన పిల్ల, రెండేళ్ళ బిడ్డతో కరువు రోజుల్లో పుట్టింటికి బరువు, అత్తింటికి బరువు. బతకటానికి ఆమె ముందున్న దారులెన్ని? ఓడ కాగితం చదివేటప్పుడు మనం ఆ అవ్వల పక్షాన నిలబడి చదవాలి.

అక్కడికి వెళ్ళాక కూడా కాగితం వాళ్ళను వదల్లేదు. గిరిమిట్ అయిపోయి నటాల్‌లోనే ఉండాలనుకుంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. తర్వాత ఆ పన్నును పదహారేళ్ళు దాటిన మగపిల్లలకు, పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలకు కూడా వేశారు. 1913 మార్చిలో కేప్ కోర్టు జడ్జి సెర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళి చట్టం ముందు చెల్లదని తీర్పు ఇచ్చాడు. ఆ ఒక్క తీర్పుతో వేలాది భార్యలు భార్యలు కాకుండా పోయారు, వాళ్ళ బిడ్డలు వారసులు కాకుండా పోయారు. అప్పుడే స్త్రీలు సత్యాగ్రహంలోకి దిగారు. కస్తూరిబా జైలుకు వెళ్ళింది. వల్లియమ్మ అనే తమిళ పిల్ల జైలు జబ్బుతో 1914 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆ ఏడాదే మూడు పౌన్ల పన్ను రద్దయింది, భారతీయుల పెళ్ళిళ్ళకు గుర్తింపు వచ్చింది. మా పెళ్ళి కాగితం మీద మా పేరుకు విలువ ఉండాలని పోరాడి జైలుకెళ్ళిన ఆడవాళ్ళు వాళ్ళు.

ఇక నాచురలైజేషన్ కాగితాల సంగతి. ఒక దేశంలో పుట్టినవాళ్ళు ఇంకో దేశానికి వెళ్ళి అక్కడి పౌరులు కావాలని పెట్టుకునే దరఖాస్తులు, చేసే ప్రమాణపత్రాలు ఇవి. అమెరికాలో తాతముత్తాతల జాడ వెతికేవాళ్ళకు ఇవే మొదటి ఆధారం. 1906 తర్వాత ఈ ఫారాలన్నీ ఒకే పద్ధతిలోకి వచ్చాయి. పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, భార్య పేరు, పిల్లల పేర్లు వీటిలో ఉంటాయి. 1929 నుంచి ఫోటో కూడా ఉంటుంది. అయితే ఈ కాగితం ఎవరిది? మగవాడిది. 1922 దాకా అక్కడ భార్యకు విడిగా పౌరసత్వం ఉండేది కాదు. భర్త పౌరుడైతే ఆమె పౌరురాలు, భర్త పరాయివాడైతే అమెరికాలో పుట్టిన స్త్రీ కూడా పరాయిదే.

భారతీయుల విషయంలో ఇది ఇంకా దారుణంగా ఉండేది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళవి కూడా లాక్కోవటం మొదలుపెట్టారు. బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ అమెరికాలోనే పుట్టిన మనిషి. భర్త పౌరసత్వాన్ని ప్రశ్నించేసరికి ఆమె పౌరసత్వమూ ప్రశ్నలో పడింది. 1946లో చట్టం మారేదాకా మనవాళ్ళకు అక్కడ తలుపులు మూసే ఉన్నాయి. మన భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ వెళ్ళి, 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన గురించి పుస్తకాలున్నాయి. ఆ పాతికేళ్ళు ఆమె ఎట్లా గడిపిందో చెప్పే కాగితం ఏ దేశపు ఆఫీసులో ఉంటుంది?

అంటే కూలీగా వెళ్ళిన స్త్రీకి సొంత కాగితం ఉంది, పౌరుడి భార్యకు లేదు. చాకిరీ లెక్కలో ఆమె ఒక మనిషి, హక్కు లెక్కలో ఆమె మగవాడి వెనక ఒక గీత. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదే.

ఇది తెల్లవాళ్ళ దేశాల సంగతి, మనకేం అనుకోవద్దు. మన రాజ్యాంగం ఎనిమిదో ఆర్టికల్ చూడండి. విదేశాల్లో ఉన్న భారతీయ సంతతివాళ్ళు, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరైనా, అవ్వాతాతల్లో ఏ ఒక్కరైనా భారతదేశంలో పుట్టి ఉంటే, భారత రాయబార కార్యాలయంలో పౌరులుగా నమోదు కావచ్చు. అందులో అమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది. రాజ్యాంగం ఇంత ఉదారంగా ఉంటే, 1955 పౌరసత్వ చట్టం దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఎగిరిపోయింది. విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారత పౌరుడైతేనే పౌరసత్వం వస్తుందన్నారు. తల్లి భారతీయురాలై తండ్రి కాకపోతే ఆ బిడ్డ పరాయి బిడ్డే. ఇది 1992 డిసెంబరు 10 దాకా నడిచింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్ళకే తల్లి కూడా లెక్కలోకి వచ్చింది. స్వతంత్రం వచ్చిన నలభై అయిదేళ్ళకు!

దీని దెబ్బ మన తీరంలోనూ తగిలింది. బర్మాలో 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక లక్షలాది భారతీయులు తిరిగొచ్చారు. అదే ఏడాది శ్రీలంకతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అక్కడి తోట కూలీల్లో 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది లంకకు అని పంచుకున్నారు. మనుషుల్ని బస్తాల్లాగా పంచుకున్న ఒప్పందం అది.

నా దగ్గరకు వచ్చిన ఒక అవ్వ 1958లో రంగూన్‌లో పుట్టింది, ఏడేళ్ళ పిల్లగా వచ్చింది. భర్త వదిలేశాడు, పిల్లలు లేరు. పింఛను దగ్గర పుట్టిన చోటు ప్రశ్న వచ్చింది. రంగూన్ అనగానే బల్ల అవతలి మనిషి చేతిలో కలం ఆగిపోయింది. ఆమె పుట్టిన కాలానికి చట్టం అడిగేది ఒక్కటే, తండ్రి భారత పౌరుడా అని. తండ్రి పౌరుడే. బర్మా నుంచి వచ్చేటప్పుడు కుటుంబం మొత్తానికీ ఒకే కాగితం ఇచ్చారు, అది తండ్రి పేరన ఉంది. తండ్రి పోయాక అన్న దగ్గరికి, అన్న పోయాక అన్న కొడుకుల దగ్గరికి చేరింది. వాళ్ళకూ ఈమెకూ ఇంటిస్థలం తగాదా. కాగితం ఇవ్వరు. కాగితం ఇస్తే స్థలంలో వాటా అడుగుతుందని భయం! చివరకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఏడాదిన్నర తిరిగి, పునరావాసం ఫైలులో ఉన్న నకలు సంపాదించాం. అందులో ఆమె పేరు, వయసు ఉన్నాయి. ఆమె తల్లి పేరు మాత్రం లేదు. 'భార్య' అని ఉంది, అంతే.

అస్సాంలో ఏం జరిగిందో మీకు తెలుసు. పౌర పట్టికలో పేరు ఎక్కాలంటే 1971కి ముందున్న తాతతండ్రులతో సంబంధం రుజువు చేయమన్నారు. చదువులేని, పుట్టిన సర్టిఫికెట్ లేని, చిన్నప్పుడే పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళిన స్త్రీ, నేను ఫలానా వాడి కూతుర్ని అని ఎట్లా రుజువు చేస్తుంది? లక్షలాది ఆడవాళ్ళు పంచాయతీ ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఆధారపడ్డారు. అది చెల్లదని హైకోర్టు అంటే, సరిచూసుకుని తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 ఆగస్టులో తుది జాబితా వచ్చినప్పుడు 19 లక్షలమందికి పైగా బయట మిగిలిపోయారు. పెళ్ళయిన ఆడదానికి పుట్టింటి కాగితంలో పేరు ఉండదు, అత్తింటి కాగితం పుట్టుకను రుజువు చేయదు. సముద్రం దాటనక్కర్లేదు, పక్క ఊరికి కోడలిగా వెళ్ళినా వలస వెళ్ళినట్లే. ఇక ఎక్కడికీ వెళ్ళకుండా ఈ తీరంలోనే రొయ్యల గుంటల దగ్గర కాపలా బతుకు బతికే యానాది అక్కచెల్లెళ్ళలో చాలామందికి అసలు ఏ కాగితమూ లేదు.

ఇంకోవైపు పాత ఓడ కాగితానికి ఇవాళ కొత్త విలువ వచ్చింది. ఓవర్సీస్ సిటిజన్ కార్డుకు మామూలుగా నాలుగో తరం దాకా అవకాశం ఉంది. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు అక్కడి భారతీయ సంతతికి ఏడో తరం దాకా ఇస్తామని ప్రకటించారు. ఏడో తరం మనిషి తన హక్కు రుజువు చేసుకోవటానికి, పందొమ్మిదో శతాబ్దంలో నంబరుతో ఓడ దిగిన ఒక అవ్వ పేరు చూపించవచ్చు. తోటల్లో గడ్డి పీకిన అవ్వ పేరు హక్కు పత్రమైంది.

మరి మనం ఏం చేయాలి? మన మనవరాళ్ళు రేపు మన కోసం వెతికితే ఏం దొరుకుతుంది?

ఈ తీరం నుంచి, పక్క కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలాది స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్తున్నారు. ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీకి ఇంటిపనికి అనుమతి లేదని నిబంధన పెట్టారు. రక్షణ కోసమే అన్నారు. ఏజెంటు చూడబోయే వీసా మీద ఎక్కించి పంపిస్తే ఆ పిల్ల పేరు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ పనిమనిషిగా పడదు. జీతం ఎగ్గొట్టినా, చనిపోయినా రుజువు ఉండదు. ఆనాటి గిరిమిట్ కూలీకి ఉన్న కాగితం కూడా ఈనాటి ఈ పిల్లకు లేదు.

కాబట్టి వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, యజమాని చిరునామా నకళ్ళు మూడు తీయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నమ్మకమైన స్నేహితురాలి దగ్గర పెట్టండి. ఒక్క మొగుడి పెట్టెలోనే పెట్టవద్దు. విదేశంలో బిడ్డ పుడితే ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించండి. పాస్‌పోర్టుకు తల్లి పేరైనా తండ్రి పేరైనా ఒక్కటి చాలని 2016 డిసెంబరులో నిబంధన మార్చారు. భర్త వదిలేసినామె, విడాకులు తీసుకున్నామె ఆయన పేరు రాయక్కర్లేదు. ఈ సంగతి ఏజెంట్లు చెప్పరు, మనమే చెప్పుకోవాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికీ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ పుట్టిన సర్టిఫికెటే ఆధారమని కొత్త చట్టం చెబుతోంది. ఏ పాళెంలో ఆడబిడ్డ పుట్టినా ఆ నెలలోనే రాయించే బాధ్యత మన సంఘాలు తీసుకోవాలి. తల్లి పేరు సరిగ్గా, ఆమె పిలిపించుకునే పేరుతో రాశారో లేదో చూడాలి.

ఇంకొకటి. కోర్టుకో, తహసీల్దారుకో ఇచ్చే వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు లేకపోతే సంతకం పెట్టవద్దు. 2005 తర్వాత హిందూ కుటుంబాల్లో కూతురికి కొడుకుతో సమానంగా పిత్రార్జితంలో హక్కు ఉంది. వంశవృక్షంలో ఆమెను రాయకపోవటం ఆ హక్కును దొంగిలించటానికి మొదటి మెట్టు.

చివరగా, మీ ఇళ్ళలో ఎనభై దాటిన అవ్వలు ఉంటారు. ఈ వారంలో వాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళమ్మ పేరేంటి, ఆమెది ఏ ఊరు, ఆ అమ్మ వాళ్ళమ్మ ఎవరు అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. మూడో తరం దగ్గరే చాలామందికి ఆగిపోతుంది. తండ్రి వైపు ఏడు తరాలు గడగడా చెప్పే ఇంట్లో కూడా అమ్మమ్మ తల్లి పేరు ఎవరికీ తెలియదు. తెలిసినంత వరకే రాయండి. ఊరి పేరు, తేదీ వేసి కింద మీ సంతకం పెట్టండి. మన పేర్లు మన చేత్తో రాసుకునే పుస్తకం అట్లా మొదలవుతుంది.

సెలవు.